దసరా నాడు మీరు అడిగిన మాటకు జవాబు

చిరంజీవులు అక్షరకు, నిఖిల్‌కు తాతయ్య ఆశీస్సులు.

దసరా నాడు మన పెరట్లో పొట్టేలును కోశాక, తోలూ పేగులూ తీసుకుపోవడానికి వచ్చిన మనిషిని చూసి మీరిద్దరూ ముక్కు మూసుకున్నారు. "ఆ చెత్తను డబ్బిచ్చి ఎందుకు కొంటారు తాతయ్యా?" అని అడిగావు అక్షరా. చుట్టాల సందడిలో అప్పుడు చెప్పలేకపోయాను.

ఆయన నిలబడ్డచోటే తోలుకు గుప్పిళ్లకొద్దీ ఉప్పు పట్టించడం చూశారు కదా. ఆలస్యమైతే తోలు కుళ్లి వెంట్రుకలు ఊడిపోతాయి, ఇక దేనికీ పనికిరాదు. నిలిచిన తోలు చెప్పులవుతుంది, డప్పవుతుంది. పశువుల ఎముకలను, తోళ్లను శుద్ధి చేసి ఉడికిస్తే జెలటిన్ వస్తుంది. నిఖిల్, నువ్వు మింగే క్యాప్సూల్ తొడుగు చాలా మందులకు దాంతోనే చేస్తారు. అమ్మనడిగి ఖాళీ తొడుగు ఒకటి గోరువెచ్చని నీళ్లలో వేసి చూడు. మొదట మెత్తబడి వేలికి జిగురుగా అంటుకుంటుంది, తర్వాత కరిగిపోతుంది.

గొర్రె పేగు పొరను పేని కుట్లు వేసే దారం చేసేవారు. మీ నాన్న పుట్టినప్పుడు నానమ్మకు వేసిన కుట్లు అవే. విప్పే పని లేకుండా ఒంట్లోనే కరిగిపోయాయి.

నానమ్మను డయాలసిస్ కోసం వారానికి మూడుసార్లు మహబూబ్‌నగర్ తీసుకుపోయిన రోజులు మీకు గుర్తే. పక్కన స్టూలు మీద కూర్చుని, సన్నటి గొట్టాల్లో తిరిగే ఆమె రక్తాన్నే చూస్తుండేవాణ్ణి. బయటికొచ్చిన రక్తం గడ్డకట్టాలి కదా, ఎందుకు కట్టడం లేదని ఒకరోజు నర్సమ్మను అడిగాను. హెపారిన్ ఇస్తున్నామంది. ఆ మందును ఎక్కువగా పంది పేగుల లోపలి పొర నుంచి తీస్తారు. 1916లో అమెరికాలో జే మెక్లీన్ అనే వైద్య విద్యార్థి కుక్క కాలేయం మీద పనిచేస్తూ దాని జాడ పట్టాడు. మనం చెత్త అనే పేగే నానమ్మను మరికొన్నేళ్లు మన మధ్య ఉంచింది పిల్లలూ.

షుగరు జబ్బుకు ఇచ్చే ఇన్సులిన్ కథా ఇలాంటిదే. 1922 జనవరిలో కెనడాలోని టొరంటోలో లియొనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల పిల్లవాడికి ఇచ్చింది పశువుల క్లోమం నుంచి తీసినదే. మొదటి సూది సరిగా పనిచేయలేదు. మందును ఇంకా శుద్ధి చేసి 12 రోజులకు మళ్లీ ఇస్తే తేరుకున్నాడు. ఇప్పుడు దాన్ని సూక్ష్మజీవులతో తయారు చేస్తున్నారు. హెపారిన్‌కు మాత్రం నేటికీ పేగులే ఆధారం.

సంక్రాంతికి వచ్చినప్పుడు ఆయన తోళ్లు ఆరబెట్టే కొట్టానికి తీసుకుపోతాను. ముందు నమస్కారం పెట్టండి, తర్వాత మీ ప్రశ్నలన్నీ ఆయననే అడగండి.

మీ తాతయ్య,
నారాయణపేట