ఏటి పండగనాడు మీరు లేపిన బాతులు

చిరంజీవులు మనవడికి, మనవరాలికి, మీతోపాటు ఏటికి వచ్చిన పిల్లకాయలందరికీ తాతయ్య దీవెనలు.

మీరు క్షేమంగా చేరారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. పండగ అయిపోయాక ఇల్లు బోసిపోయింది. చిన్నోడి చెప్పు ఒకటి కనబడలేదని మీ అమ్మమ్మ రెండు రోజులు మంచాల కిందంతా వెతికింది. దాని సంగతి చివర చెబుతా.

సంక్రాంతికి మన నెల్లూరులో చేసే ఏటి పండగనాడు మీరు తీసిన వీడియో చూశాను. పెన్న నీళ్లలో ఆడవాళ్లు గొబ్బెమ్మలు వదులుతున్నారు, వెనక రంగనాథస్వామి గుడి గోపురం, ఇసకలో చాపలు, పులిహోర డబ్బాలు. అంతలో పెద్దోడు చెయ్యి ఊపగానే మీ ఐదుగురూ కేకలేసుకుంటా నీళ్ల అంచుకు పరిగెత్తారు. అక్కడ వాలి ఉన్న బాతుల గుంపు ఒక్కసారిగా లేచింది. చూడ్డానికి బాగుంది, కాదనను. నేనే నాలుగుసార్లు చూశా. ఆ పూట నేనూ అక్కడే చాప మీద కూర్చొని వక్క నములుతా ఉన్నా, మిమ్మల్ని ఆపలా. అందుకని ఈ ఉత్తరంలో సగం తిట్లు నాకే అనుకోండి.

నేను కాలవల శాఖలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేశానని మీకు తెలుసు. నీళ్లు ఎక్కడ నిలిస్తే అక్కడికి పిట్ట వస్తుంది, దానికి మనం కార్డు వేసి పిలవక్కర్లేదు. నెల్లూరులో పెన్న మీద ఇంగ్లీషువాళ్ల కాలం నాటి పాత ఆనకట్ట దగ్గర కొత్త బ్యారేజీ కట్టి 2022 సెప్టెంబరులో ప్రారంభించారు. కట్టింది పొలాలకు, ఊరి దాహానికి. పిట్టలకు ఆ లెక్కలు తెలియవు. లోతైన చోట నీటికాకులు మునుగుతాయి, పల్చటి చోట కొంగలు నిలబడతాయి, చలికాలంలో ఉత్తరాది నుంచి బాతులు దిగుతాయి. ఢిల్లీ అంచున యమున మీద ఓఖ్లా దగ్గర జరిగిందీ ఇదే. బ్యారేజీ వెనక నీళ్లు నిలిచాయి, పిట్టలు చేరాయి, 1990లో దాన్ని పక్షుల రక్షిత కేంద్రంగా ప్రకటించారు. మీ బాబాయి నోయిడాలో ఉన్నప్పుడు తీసుకెళ్లి చూపించాడు. చుట్టూ ఆకాశాన్నంటే మేడలు, తలమీద కరెంటు తీగలు, పక్కన జోరుగా పోయే రోడ్డు. మెట్రో స్టేషనుకు కూడా ఆ పక్షుల కేంద్రం పేరే పెట్టారు. అంత రొదలోనూ బాతులు హాయిగా మేస్తున్నాయి. నాకు భలే ఆశ్చర్యమేసింది. మన పెన్న గట్టున అయిదుగురు పిల్లలకే లేచిపోయిన జాతి, అక్కడ అన్ని వేల బండ్ల మధ్య ఎట్లా ఉండగలుగుతోంది?

దానికి జవాబు నాకు తర్వాత మన ఏట్లోనే దొరికింది. ఒకరోజు పొద్దున్నే గట్టు మీద కూర్చొని చూస్తున్నా. బట్టలు ఉతికేవాళ్లు బండ మీద గుడ్డలు దబదబా బాదుతున్నారు, పక్కనే కొంగ కదల్లేదు. గేదెలు నీళ్లలోకి దిగాయి, కొంగలు వాటి వెంటే నడుచుకుంటూ పోయాయి. వల వేసే ఆయన నడుం లోతు నీళ్లలో ఉన్నాడు, నీటికాకి ఆయన్ను పట్టించుకోలా. అంతలో ఎవరో ఇద్దరు తెల్లచొక్కాల వాళ్లు ఫోన్ చేతిలో పట్టుకొని, చప్పుడు చేయకుండా వంగి వంగి తిన్నగా దాని వైపే నడిచారు. అంతే, తుర్రుమంది. వంగి వంగి వచ్చేవాడు నక్కలాగా కనబడతాడు కదా మరి!

రోజూ అదే దారిన, అదే వేళకు, తన పని తాను చూసుకుంటా పోయే మనిషి పిట్ట కంటికి చెట్టులాంటివాడు. రోడ్డు మీది బస్సూ అంతే, దాని దారి దాటి రాదు. ఇవాళ ఎటు తిరుగుతాడో, ఏం విసురుతాడో తెలియనివాడంటేనే దానికి భయం. అందుకే గట్టు మీద నడకదారి వేస్తామంటే వద్దని నేను ఎప్పుడూ అనను. వెయ్యమనే అంటా. జనం ఒక్క దారిలో నడిస్తే పిట్టలు నాలుగు రోజుల్లో అలవాటు పడతాయి. తలా ఒక దిక్కున నీళ్లలోకి దిగితేనే వాటికి నిలువ నీడ ఉండదు. లైట్లు మాత్రం నీళ్ల వైపు తిప్పి పెట్టొద్దని నా కోరిక. చీకటి పడ్డాకే మేతకు బయల్దేరే రాత్రి కొంగలు కూడా ఉన్నాయి.

"లేస్తే ఏమైంది తాతా, మళ్లీ వాలతాయిగా?" అంటావు పెద్దోడా, నాకు తెలుసు. వాలతాయి. కానీ అవి వచ్చింది ఎక్కడి నుంచో ఆలోచించు. చలికాలానికి మన దేశంలో దిగే బాతుల్లో చాలా రకాలు సైబీరియా, మధ్య ఆసియాల్లో పిల్లల్ని చేసుకుని వస్తాయి. ఇక్కడ తిన్న తిండే ఎండాకాలం ముందు తిరుగు ప్రయాణానికి కొవ్వుగా మారాలి. నీళ్ల మీది నుంచి లేవడమంటే ఒళ్లంతా బలం పెట్టి ఎగరడం. మీకు పన్నెండు సెకన్ల వీడియో, దానికి ఒక పూట మేత. మీ వెనక ఇంకో గుంపు, వాళ్ల వెనక కుక్కతో ఒకాయన, సాయంత్రం పెద్ద స్పీకరు పెట్టినవాళ్లు. ఎవరికి వాళ్లు ఒక్కసారే లేపారు. బాతుకు మాత్రం పొద్దుటి నుంచీ అదే పని.

లేవకముందే అది మనకు చెబుతుంది. మొదట మేత మాని మెడ నిక్కిస్తుంది. తర్వాత మనకు దూరంగా మెల్లగా నడవడమో ఈదడమో చేస్తుంది. ఆ తర్వాతే ఎగురుతుంది. మెడ నిక్కించిందా, అక్కడే ఆగిపోవాలి. రెండడుగులు వెనక్కి వేస్తే ఇంకా మంచిది. మళ్లీ తల దించి మేసిందంటే మనల్ని ఒప్పుకున్నట్టే.

గూళ్ల దగ్గర లెక్క ఇంతకన్నా కటువుగా ఉంటుంది. నేలపట్టు చూశారుగా, దొరవారిసత్రం దగ్గర. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ మా నోటికి ఇంకా నెల్లూరు నేలపట్టే. 1976 నుంచి అది పక్షుల రక్షిత కేంద్రం. నీళ్లలో నిలబడ్డ కడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు కడతాయి, మేతకు పులికాట్ దాకా పోయి వస్తాయి. ఆ ఊరివాళ్లు వాటిని తరాలుగా కాచుకున్నారు. రెట్టలు కలిసిన చెరువు నీళ్లు పొలానికి ఎరువని వాళ్లకు తెలుసు. అక్కడ కంచె దాటనివ్వలేదని పోయినసారి మనవరాలు అలిగింది. గూటి మీంచి తల్లి లేచిందంటే గుడ్ల మీదికి కాకి వస్తుందమ్మా. బొచ్చు రాని పిల్లయితే ఎండకు తాళలేదు, తల్లి రెక్కే దానికి గొడుగు. మనం చేత్తో తాకనక్కర్లేదు, తల్లిని కాసేపు లేపి ఉంచితే చాలు. 1972 నాటి వన్యప్రాణి చట్టం పక్షి గుడ్లనూ గూడునూ కదిలించడాన్ని కూడా వేట కిందే లెక్కగట్టింది. ఆ మాట రాసినవాళ్లెవరో గాని పిట్టను బాగా ఎరిగినవాళ్లు.

ఇప్పుడు నా సంగతి. నాకు పదేళ్లప్పుడు ఎండాకాలంలో ఏట్లో నీళ్లు లేని చోట ఆడుకుంటా ఉంటే తీతువు పిట్ట మా నెత్తిన తిరుగుతా ఒకటే అరుపు. అది అరిస్తే చావు కబురని పెద్దవాళ్లు అనేవాళ్లు, మేం రాళ్లు విసిరాం. తర్వాత నా కాళ్ల దగ్గరే నాలుగు గుడ్లు కనబడ్డాయి. మచ్చలు మచ్చలుగా, గులకరాళ్ల మధ్య గులకరాళ్ల మాదిరే. గూడంటూ లేదు, ఊరికే చిన్న గుంట. చొక్కాలో పెట్టుకుని ఇంటికి తెచ్చా. మా అవ్వ చూసి, సముద్రం ఎత్తుకుపోయిన గుడ్ల కోసం టిట్టిభం, అంటే ఈ తీతువే, సముద్రంతోనే కలబడిన కథ చెప్పి, "పోయి తీసినచోటే పెట్టి రాపో" అని తరిమింది. పోయాను. అంత ఇసకలో ఆ గుంట ఎక్కడుందో నాకు దొరకలేదు. పొద్దు గూకేదాకా వెతికా. పిట్ట అరుస్తానే ఉంది. ఎండ మండేటప్పుడు అది పొట్ట ఈకలు నీళ్లలో తడుపుకొచ్చి గుడ్లను చల్లబరుస్తుందని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. ఇప్పటికీ అది అరిస్తే నాకు చావు కబురు గుర్తురాదు, నా చొక్కా గుర్తొస్తుంది.

మీరు వేసవి సెలవుల్లో వచ్చి ఏట్లో క్రికెట్ ఆడతారు. ఆడండి. ఆడేముందు తీతువు అరుస్తోందేమో చూసుకుని, అరిస్తే వికెట్లు వేరేచోట పాతండి. పెద్దోడి గాలిపటం దారం కూడా తాటిమట్టకు చిక్కుకుని ఊగుతా ఉంటే కర్రతో లాగి తీశా. నైలాన్ మాంజాను దేశమంతటా 2017లోనే నిషేధించారు. అంగట్లో ఎట్లా దొరికిందో నాకు తెలియదు, ఈసారి కొనేముందు నాకు చూపించు. బొరుగులు విసరొద్దు. బాతులకన్నా ముందు కాకులూ కుక్కలూ చేరతాయి, అవి తర్వాత గుడ్లనూ వదలవు. మీ నాన్న డ్రోన్ బీరువాలోనే ఉంచండి. దుర్భిణి నా దగ్గర ఉంది, ఒక కన్ను మసకే గానీ రెండోది బాగానే పనిచేస్తుంది.

ఇక చెప్పు సంగతి. ఆ సాయంత్రం బాతులు రాలేదు. మర్నాడూ లేవు, జనం ఇంకా ఉన్నారు. మూడోనాడు తెల్లవారుజామున పోయి చూస్తే గుంపు వచ్చి ఉంది, కాకపోతే అవతలి ఒడ్డున. ఇవతల, అవి మొదట ఉన్నచోట, తడి ఇసకలో మీ అయిదుగురి కాళ్ల గుర్తులు సగం చెరిగి కనబడ్డాయి. వాటి చివర చిన్నోడి చెప్పు. కడిగి పిట్టగోడ మీద ఆరబెట్టా. మీరు వచ్చేసరికి వాడి కాలికి పట్టదేమో.

మీ తాతయ్య,
నెల్లూరు