గాడిలో పట్టని ఓరింగు

విజయనగరంలో గంటస్తంభం దగ్గరి సందులో మెకానిక్ నా పాత టూ-స్ట్రోక్ బండి కార్బొరేటర్ కింద పెట్రోలు నిలిచే గిన్నె, అదే బౌల్, విప్పాడు. అంచు గాడిలో ఉండాల్సిన ఓరింగు, అంటే పెట్రోలు కారకుండా ఆపే రబ్బరు చుట్టు, వానపాములా మెలితిరిగి పైకి లేచింది. ఒక పక్క నొక్కితే ఇంకో పక్క లేస్తోంది. "ఉబ్బిపోనాది బాబూ, ఇది మరెక్కదు" అన్నాడు. కొత్తది ఊళ్లో ఎక్కడా దొరకలేదు.

పాతదాన్ని ఇంటికి తెచ్చి కిటికీ గట్టు మీద ఆరనిచ్చాను. రెండు రోజులకి కుంచించుకుపోయి గాడిలో చక్కగా కూర్చుంది. కానీ వేళ్లతో వంచితే సన్నటి పగుళ్లు కనిపించాయి.

రబ్బరంటే పొడుగాటి అణువుల గొలుసులు, అక్కడక్కడ ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. పెట్రోలు వాటి మధ్యకి దూరి ఎడం చేస్తుంది. ముడులు వదలవు కాబట్టి రబ్బరు కరగదు, ఉబ్బుతుంది. ఆరేటప్పుడు పెట్రోలు వెళ్లిపోతుంది, రబ్బరు మెత్తగా ఉండాలని ఫ్యాక్టరీలో కలిపిన నూనెల్లో కొంత అప్పటికే దానితో పోయి ఉంటుంది. అందుకే ఆరబెట్టిన ఓరింగు కొలతకి సరిపోయినా మళ్లీ వేయకూడదు.

మామూలుగా దొరికే నల్లటి నైట్రైల్ రబ్బరు ఒట్టి పెట్రోలుని బాగానే తట్టుకుంటుంది. ఇప్పుడు మన బంకుల్లో పోసే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. విడివిడిగా ఉన్నప్పటికంటే రెండూ కలిసినప్పుడే నైట్రైల్ ఎక్కువ ఉబ్బుతుంది. 1957లో వచ్చిన వైటాన్ రబ్బరులో ఫ్లోరిన్ ఉంటుంది. పెట్రోలుకీ ఇథనాల్‌కీ రెండింటికీ అది పెద్దగా చోటివ్వదు. సిలికాన్ పేస్టు మాత్రం దయచేసి పూయకండి. పెట్రోలులో వాచి, ముక్కలై, పెట్రోలు వెళ్లే సన్నటి రంధ్రానికి, అదే జెట్‌కి, అడ్డం పడుతుంది.

వైజాగ్‌లో హైడ్రాలిక్ సామాన్ల షాపులో 2 మిల్లీమీటర్ల వైటాన్ తాడు దొరికింది. రంగు చూసి నమ్మలేం. తెలిసిన కంసాలి తూకంలో అదే లావు, అదే పొడవున్న నైట్రైల్ ముక్కతో పోల్చాను. దాదాపు ఒకటిన్నర రెట్లు బరువుంది. వైటాన్ సాంద్రత ఎక్కువ, కాబట్టి అసలుదే.

ఇక గాడి లెక్క. లోతు 1.5, వెడల్పు 2.6 మిల్లీమీటర్లు. 2 మిల్లీమీటర్ల తాడు అందులో నాలుగో వంతు నలుగుతుంది, ఆ ఒత్తిడే లీకుని ఆపేది. రబ్బరుని నొక్కితే ఆకారం మారుతుందే గానీ ఘనపరిమాణం తగ్గదు. ఓ పక్కకి జరగడానికి చోటుండాలి. ఇక్కడ తాడు గాడిలో 80 శాతమే నింపుతుంది, కాస్త ఉబ్బినా ఇబ్బంది లేదు. లావు తాడు వేసి స్క్రూలు బిగించేస్తే బౌల్ అంచు వంగుతుంది, ఆ తర్వాత ఏ రబ్బరు వేసినా కారుతుంది.

తాడుని కొత్త బ్లేడుతో ఏటవాలుగా కోసి, చివరలు ఒక్క చుక్క ఫెవిక్విక్‌తో అతికించాం. మెకానిక్ స్క్రూలు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించి, పెట్రోలు కాక్ తిప్పి, బౌల్ కింద పేపర్ ముక్క పరిచాడు. పావుగంట తర్వాత తీసి చూశాం. పేపర్ పొడిగానే ఉంది.