అలాస్కా పల్లెల రేడియో: 1967లో వదిలేసిన పన్ను, 2025లో ఆగిన నిధి

2025 జూలై 16 మధ్యాహ్నం అలాస్కా దక్షిణ తీరంలో, సాండ్ పాయింట్ అనే చేపల రేవుకు దగ్గరలో, సముద్రం అడుగున 7.3 తీవ్రతతో భూమి కంపించింది. సునామీ హెచ్చరిక వెలువడింది. తీరంలో ఉన్నవాళ్లంతా మెట్టకు చేరాలని ఊరూరికీ చెప్పినవాటిలో అక్కడి చిన్న చిన్న ప్రజా రేడియో స్టేషన్లు ఉన్నాయి. అదృష్టం బాగుండి పెద్ద అలలు రాలేదు, ఆ తర్వాత హెచ్చరిక ఎత్తేశారు. సరిగ్గా ఆ గంటల్లోనే వాషింగ్టన్‌లో అమెరికా ఎగువ సభ సెనేట్ ఆ స్టేషన్లకు అందే ఫెడరల్ నిధులను వెనక్కి లాక్కునే బిల్లు మీద చర్చిస్తోంది.

అలాస్కా సెనేటర్ లీసా ముర్కౌస్కీ ఆ భూకంపాన్నే ఉదాహరణగా చూపించి, ఇలాంటి సమయంలో మా ప్రజలను కాపాడేది ఈ రేడియోలేనని వాదించారు. ఆమె అధికార రిపబ్లికన్ పార్టీ సభ్యురాలు. కోతను తగ్గించాలని ఆమె తెచ్చిన సవరణ వీగిపోయింది. అర్ధరాత్రి దాటాక 51–48 ఓట్లతో బిల్లు నెగ్గింది. రిపబ్లికన్లలో వ్యతిరేకంగా ఓటు వేసినవారు ఇద్దరే, ముర్కౌస్కీ, మెయిన్ రాష్ట్ర సెనేటర్ సూసన్ కాలిన్స్. మర్నాడు ప్రతినిధుల సభ 216–213 ఓట్లతో ఆమోదించింది, జూలై 24న అధ్యక్షుడు ట్రంప్ సంతకం చేశారు. దాదాపు 110 కోట్ల డాలర్లు, అంటే ముందుగానే మంజూరైన రెండేళ్ల నిధి, ఒక్క కలం పోటుతో పోయింది.

ఈ గొడవ ఆ వేసవిలో పుట్టింది కాదు. దీని వేరు 1967లో ఉంది.

ఆకాశవాణికి అలవాటుపడిన మనకు మొదట ఒక తేడా తెలియాలి. అమెరికాలో ప్రభుత్వమే నడిపే దేశవ్యాప్త రేడియో అంటూ ఏదీ లేదు. ప్రజా ప్రసార స్టేషన్లు సుమారు 1,500 దాకా ఉన్నాయి, వాటి యజమానులు విశ్వవిద్యాలయాలు, ఊరి సంఘాలు, ఆదివాసీ సంస్థలు, కొన్నిచోట్ల రాష్ట్ర ప్రభుత్వాలు. ఎన్‌పీఆర్ (రేడియో), పీబీఎస్ (టీవీ) అని మనం వినే పేర్లు ఈ స్టేషన్లకు కార్యక్రమాలు అందించే సంస్థలవి. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లల్లో ఎందరో పీబీఎస్ కార్యక్రమాలు చూస్తూ ఇంగ్లిష్ అక్షరాలు నేర్చుకున్నవాళ్లే. ఫెడరల్ డబ్బు నేరుగా స్టేషన్లకు వెళ్లేది కాదు. మధ్యలో కార్పొరేషన్ ఫర్ పబ్లిక్ బ్రాడ్‌కాస్టింగ్ (సీపీబీ) అనే లాభాపేక్ష లేని సంస్థను పెట్టారు. పాలకుల చేయి వార్తల మీద పడకూడదని కట్టిన అడ్డుగోడ అది.

ఆ గోడను 1967 నవంబరు 7న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకం చేసిన చట్టం కట్టింది. అంతకుముందు జనవరిలో, ఈ విషయాన్ని అధ్యయనం చేసిన కార్నెగీ కమిషన్ నివేదిక ఇచ్చింది. ప్రజా టెలివిజన్‌కు డబ్బు ఎక్కడినుంచి రావాలన్న ప్రశ్నకు ఆ కమిషన్ తెలివైన జవాబే చెప్పింది. అమ్ముడయ్యే ప్రతి టీవీ సెట్టు మీద ఎక్సైజ్ పన్ను వేసి, ఆ సొమ్మును ఒక ప్రత్యేక నిధిలో వేయాలి, ఏటా కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) ముందు చేయి చాచే అవసరం రాకూడదు అంది. చట్టంలో సంస్థ వచ్చింది, పన్ను రాలేదు. డబ్బు సంగతి తర్వాత చూద్దాం అనుకున్నారు. ఆ ‘తర్వాత’ ఎన్నడూ రాలేదు. నా లెక్కలో ఈ యాభై ఎనిమిదేళ్ల కథలో అసలు తప్పు ఇదే, మిగిలిన పోరాటాలన్నీ దీనికి కొనసాగింపు. రేడియో అయితే ఆ చట్టంలోకి చివరి క్షణాల్లో చొరబడింది. మొదట ముసాయిదా అంతా టీవీ గురించే, రేడియో వాళ్లు పట్టుబట్టి తమ మాట చేర్పించుకున్నారు. ఆ ఒక్క మాట చేరకపోతే అలాస్కా పల్లెలకు దక్కేది ఏమీ ఉండేది కాదు.

రెండేళ్లు తిరగకుండానే మొదటి పరీక్ష వచ్చింది. 1969 మే 1న సెనేట్ కమ్యూనికేషన్ల ఉపసంఘం ముందు సీపీబీకి 2 కోట్ల డాలర్లు ఇవ్వాలన్న ప్రతిపాదన ఉంది. నిక్సన్ ప్రభుత్వం దాన్ని సగానికి తగ్గించాలని చూస్తోంది. ఉపసంఘం అధ్యక్షుడు రోడ్ ఐలాండ్ సెనేటర్ జాన్ పాస్టోర్, ముక్కుసూటి మనిషి. రెండు రోజులుగా సాక్షులు చదివే కాగితాలు వినివిని విసిగిపోయి ఉన్నారు. అప్పుడు పిట్స్‌బర్గ్‌లో పిల్లల కార్యక్రమం చేసే ఫ్రెడ్ రోజర్స్ వచ్చారు. తెచ్చిన కాగితం పక్కన పెట్టి, కోపం వచ్చినప్పుడు పిల్లలు ఏం చేయాలో నేర్పడానికి తాను రాసుకున్న పాట మాటలు చెప్పారు. మొత్తం ఆరు నిమిషాలు. తనకు ఒళ్లు గగుర్పొడిచిందని పాస్టోర్ అన్నారు, మీరు ఆ 2 కోట్లు సంపాదించుకున్నట్టే ఉందని ముగించారు. ఈ సన్నివేశాన్ని అమెరికన్లు ఇప్పటికీ తలచుకుంటారు. నేను దాంట్లో ఇంకోటి కూడా చూస్తాను. ఒక దేశపు ప్రజాసేవ బతకాలంటే ఒక మంచి మనిషి వచ్చి ఒక సెనేటర్ మనసు కరిగించాల్సి వచ్చింది. పన్ను నిధి ఉండి ఉంటే ఆ రోజు ఆ అగ్నిపరీక్షే ఉండేది కాదు.

1972 జూన్ 30న నిక్సన్ సీపీబీ నిధుల బిల్లును వీటో చేశారు. రెండేళ్లకు 15.5 కోట్ల డాలర్ల బిల్లు అది. పైకి చెప్పిన కారణం, అధికారమంతా వాషింగ్టన్‌లో పోగుపడుతోంది, స్థానిక స్టేషన్ల స్వతంత్రం దెబ్బతింటోంది అని. లోపలి కారణం ప్రజా టీవీలో తనకు నచ్చని పాత్రికేయులు వార్తలు చెప్పడం. ‘స్థానికం’ అనే మాటను అడ్డం పెట్టుకుని స్థానిక స్టేషన్లకు వచ్చే డబ్బును ఆపడం ఆ రోజే మొదలైంది. మరుసటి ఏడు నిక్సన్ ప్రభుత్వాన్ని కుదిపేసిన వాటర్‌గేట్ కుంభకోణం విచారణలను పీబీఎస్ రాత్రిళ్లు పూర్తిగా చూపించింది, జనం ఆదరణ పెరిగింది. ఆ వీటో నేర్పిన పాఠంతో 1975లో కాంగ్రెస్ ఇంకో చట్టం చేసింది. సీపీబీ డబ్బును రెండేళ్లు ముందుగా మంజూరు చేసే పద్ధతి అలా వచ్చింది. ఈ ఏడాది వార్త నచ్చలేదని వచ్చే ఏడాది గొంతు నొక్కకుండా ఉండాలన్నది దాని ఉద్దేశం.

ఆ తర్వాతి దశాబ్దాల్లో కొట్లాటలు వచ్చాయి, పోయాయి. 1984లో రీగన్ సీపీబీ బిల్లులను రెండుసార్లు వీటో చేశారు. 1995లో ప్రతినిధుల సభ స్పీకర్ న్యూట్ గింగ్రిచ్ నిధులను సున్నా చేస్తామన్నారు. ట్రంప్ తొలి హయాంలో ప్రతి బడ్జెట్‌లోనూ రద్దు ప్రతిపాదన వచ్చింది. ప్రతిసారీ చివరికి కాంగ్రెస్ నిధులను కొనసాగించింది. కారణం ఒకటే. పార్టీ ఏదైనా, గ్రామీణ ప్రాంతాల నుంచి వచ్చిన సభ్యులకు తమ ఊళ్లలో వేరే దిక్కు లేదని తెలుసు.

అలాస్కాలో ఆ మాటకు అర్థం ఏమిటో 1964లోనే లోకానికి తెలిసింది. ఆ ఏడాది మార్చి 27న, గుడ్ ఫ్రైడే సాయంత్రం, 9.2 తీవ్రతతో భూకంపం వచ్చింది. 130 మందికి పైగా చనిపోయారు. యాంకరేజ్ నగరంలో జీనీ చాన్స్ అనే రేడియో విలేఖరి ఒకరోజుకు పైగా మైకు వదలకుండా ఎవరు బతికున్నారో, నీళ్లు ఎక్కడ దొరుకుతాయో, ఎవరు ఎవరికోసం వెతుకుతున్నారో చెబుతూనే ఉన్నారు. అది వాణిజ్య స్టేషనే. కానీ ఆపదలో ఊరిని ఒకచోట కూర్చేది రేడియో అని అలాస్కా జనం మనసులో ముద్రపడిన రోజు అది. ఆమె తర్వాత రాష్ట్ర శాసనసభకు ఎన్నికయ్యారు. ఆ భూకంపం తర్వాతే, 1967లో, పామర్ పట్టణంలో సునామీ హెచ్చరిక కేంద్రం ఏర్పడింది. కేంద్రం హెచ్చరిక పంపగలదు. దాన్ని ఇంట్లో వంట చేసుకుంటున్న మనిషి చెవిన వేయడానికి ఊళ్లో ఒక గొంతు ఉండాలి.

బెథెల్‌ను చూడండి. కుస్కోక్విమ్ నది ఒడ్డున ఆరు వేలకు పైబడిన జనాభా ఉన్న ఊరు. బయటి ప్రపంచానికి రోడ్డు లేదు, విమానం లేదా పడవ, చలికాలంలో గడ్డకట్టిన నది. చుట్టూ డెల్టాలో యాభైకి పైగా పల్లెలు, ఎక్కువమంది యూపిక్ ఆదివాసులు. 1971లో ఇక్కడ కేవైయూకే మొదలైంది. ఆదివాసులే యజమానులుగా నడిపిన తొలి రేడియో స్టేషన్‌గా అమెరికాలో దానికి పేరు. ఇంగ్లిష్‌తోపాటు యూపిక్ భాషలోనూ వార్తలు చెబుతుంది. నది మీద మంచు ఎక్కడ పలచబడిందో, ఏ దారిన మంచు బండి నడపవద్దో, ఎవరు తప్పిపోయారో చెబుతుంది. ఇలాంటి చోట ప్రకటనలు ఇచ్చే దుకాణాలు ఎన్ని ఉంటాయి? వాణిజ్య రేడియో ఎందుకు వస్తుంది? అందుకే ఈ స్టేషన్ ఆదాయంలో అధికభాగం సీపీబీ నుంచే వచ్చేది. రాష్ట్రం ఇచ్చే కాస్త సొమ్మును 2019లో గవర్నర్ మైక్ డన్‌లీవీ వీటోతో తీసేశాక ఫెడరల్ డబ్బే ఆధారమైంది.

వ్యతిరేకుల వాదన కూడా చెప్పాలి. ఎన్‌పీఆర్ ఒక పక్షానికి వంగిందని, ఇంటర్నెట్ కాలంలో ప్రజా రేడియో అనవసరమని, అప్పుల్లో ఉన్న దేశం ఈ ఖర్చు భరించలేదని వారన్నారు. 2025 మార్చి 26న ప్రతినిధుల సభ ఉపసంఘం ఎన్‌పీఆర్, పీబీఎస్ అధిపతులను పిలిచి నిలదీసింది. ఆ బల్ల దగ్గరే అలాస్కా పబ్లిక్ మీడియా అధిపతి ఎడ్ ఉల్మన్ కూడా కూర్చుని, పల్లెల సంగతి చెప్పారు. పక్షపాతం ఉందా లేదా అన్నది నిజాయితీగా చర్చించవలసిన ప్రశ్నే. కానీ లెక్క చూడండి. సీపీబీకి ఏటా వచ్చేది సుమారు 53.5 కోట్ల డాలర్లు, మనిషికి ఒకటిన్నర డాలరుకు కాస్త పైన. అందులో దాదాపు 70 శాతం స్థానిక స్టేషన్లకే వెళ్లేది. ఎన్‌పీఆర్ ఆదాయంలో నేరుగా వచ్చే ఫెడరల్ డబ్బు సుమారు ఒక శాతం. గురి పెట్టింది వాషింగ్టన్‌లోని సంస్థకు, తగిలింది బెథెల్‌కు. పాటల హక్కుల రుసుము స్టేషన్లన్నిటి తరఫునా ఒకేసారి కట్టింది సీపీబీ, ఉపగ్రహం ద్వారా కార్యక్రమాలు చేరవేసే ఏర్పాటును భరించింది సీపీబీ. నలుగురు ఉద్యోగులతో నడిచే స్టేషన్ వీటిని తనంతట తాను ఎలా చేసుకుంటుంది?

మరి 1975 రక్షణ ఏమైంది? 1974 నాటి చట్టం ప్రకారం, మంజూరైన డబ్బును రద్దు చేయమని అధ్యక్షుడు కోరితే కాంగ్రెస్‌కు 45 రోజుల గడువు ఉంటుంది, చర్చ ముగించడానికి సెనేట్‌లో చాలా బిల్లులకు కావలసిన 60 ఓట్లు ఆ బిల్లుకు అక్కర్లేదు, మామూలు మెజారిటీ చాలు. ట్రంప్ తొలి హయాంలో, 2018లో, ఇలాంటి బిల్లు సెనేట్‌లోనే ఆగిపోయింది. 2025లో ఆగలేదు. రెండు పార్టీలు కూర్చుని 60 ఓట్లతో కుదుర్చుకున్న ఒప్పందాన్ని ఒక పార్టీ 51 ఓట్లతో చెరిపేయగలిగితే ఇక ఒప్పందానికి విలువేమిటన్నది డెమోక్రాట్ల ప్రశ్న. ముర్కౌస్కీ బాధా అటువంటిదే. చట్టాలు చేయాల్సిన మనం, శ్వేతసౌధం చెప్పిన ప్రాధాన్యాలకు తలూపేవాళ్లం అయిపోతున్నామని ఆమె సభలో అన్నారు.

ఆమెకు ఈ పల్లెలతో ఉన్న బంధం ఉపన్యాసాల బంధం కాదు. 2010లో సొంత పార్టీ ప్రాథమిక ఎన్నికలో ఓడిపోయాక, బ్యాలెట్ మీద పేరే లేకుండా నిలబడ్డారు. ఓటరు ఖాళీ గీత మీద ఆమె పేరు చేత్తో రాయాలి. అంత కష్టమైన ఇంటిపేరును జనం రాశారు, ఆమె గెలిచారు. సెనేట్ ఎన్నికలో అలా గెలవడం 1954లో స్ట్రామ్ థర్మండ్ తర్వాత అదే మొదలు. ఆనాడు అలాస్కా ఆదివాసీ సంఘాల సమాఖ్య ఆమె వెంట నిలిచింది.

అయితే ఆమెను దేవతగా నిలబెట్టడం నాకు ఇష్టం లేదు. 2025 జూలై 1న పేదల వైద్యసాయం నిధులకు పెద్ద కోత పెట్టిన భారీ బిల్లు సెనేట్‌లో 51–50తో నెగ్గింది. అలాస్కాకు కొన్ని మినహాయింపులు సాధించుకుని ఆమె దానికి అనుకూలంగా ఓటు వేశారు. ఆమె కాదని ఉంటే అది ఆ రోజు ఓడేది. మిగతా రాష్ట్రాల పేదల సంగతి ఏమిటని అడిగినవాళ్ల కోపం న్యాయమైనది. రేడియో విషయంలో ఆమె కాదన్నారు, కానీ అప్పటికి ఆమె ఒక్క ఓటు సరిపోలేదు. సౌత్ డకోటా సెనేటర్ మైక్ రౌండ్స్ ఇంకో దారి తొక్కారు. కొన్ని ఆదివాసీ స్టేషన్లకు వేరే శాఖ నుంచి డబ్బు ఇస్తామన్న హామీ తీసుకుని బిల్లుకు ఓటు వేశారు. హక్కుగా వచ్చేది అలా హామీగా మారింది.

2025 ఆగస్టు 1న సీపీబీ తాను మూతపడుతున్నట్టు ప్రకటించింది. సెప్టెంబరు చివరికి ఉద్యోగుల్లో ఎక్కువమంది వెళ్లిపోయారు. 2026 జనవరిలో సంస్థను రద్దు చేయాలని బోర్డు తీర్మానించింది.

ఈ మధ్యలో, 2025 అక్టోబరు రెండో వారంలో, హలోంగ్ టైఫూన్ అవశేషం పశ్చిమ అలాస్కాను తాకింది. కిప్నుక్, క్విగిలింగోక్ అనే యూపిక్ పల్లెల్లో నీరు ఇళ్లను పునాదుల నుంచి లేపి మోసుకుపోయింది. వందలమందిని సైనిక విమానాల్లో యాంకరేజ్‌కు తరలించారు. ఆ పల్లెలు బెథెల్ డెల్టాలోవే. నిధి పోయిన కేవైయూకే ఆ రోజుల్లోనూ ఇంగ్లిష్‌లో, యూపిక్‌లో వార్తలు చెబుతూనే ఉంది.