లారీ లైట్ల రిపేరు: అపోహలు - వాస్తవాలు

చెన్నైలో మాధవరం, మణలి వైపు లారీలకు, ట్రైలర్లకు కరెంటు పని చేస్తుంటాను. తడ, గూడూరు, నెల్లూరు నుంచి వచ్చే మన డ్రైవరన్నల నోట తరచూ వినే మాటలివి.

అపోహ: లైటు సరిగ్గా వెలగడం లేదంటే బల్బు పోయినట్టే.

ఇండికేటర్ వేస్తే పక్కనున్న టెయిల్ లైటు కూడా మసకగా కొట్టుకుంటోందా? బల్బు జోలికి వెళ్లకండి. ఎర్త్, అంటే కరెంటు బండి ఇనుప చట్రం (ఛాసిస్) మీదుగా బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి, పోయింది. ఆ దారి లేక కరెంటు పక్క బల్బులోంచి పోతోంది. ఎన్నూరు పోర్టుకి తిరిగే బండ్లకి ఉప్పుగాలి, ఐప్పసి (అక్టోబరు-నవంబరు) వానలు తోడై ఎర్త్ బోల్టు కింద తుప్పు, ట్రైలర్ సాకెట్ పిన్నుల మీద పచ్చటి చిలుము పేరుకుంటాయి. లైటు వేసే ఉంచి, మీటరు ఒక కొన హోల్డర్ ఎర్త్ మీద, రెండోది బ్యాటరీ నెగటివ్ మీద పెట్టండి. అర వోల్టు దాటితే లోపం ఎర్త్ దారిలోనే. బోల్టు విప్పి, వాషర్ ఆనే చోట పెయింటు, తుప్పు పోయి ఇనుము మెరిసేదాకా ఎమరీ పేపరుతో రుద్ది, గట్టిగా బిగించి, పైన గ్రీజు పూయండి.

అపోహ: మీటర్లో 24 వోల్టులు చూపిస్తే వైరు బాగున్నట్టే.

వైరు లోపల ఒక్క పోగు మిగిలినా మీటరు 24 చూపిస్తుంది, ఎందుకంటే అది లాగే కరెంటు దాదాపు సున్నా. 75 వాట్ల హెడ్‌లైటుకి 3 ఆంపియర్లు పైనే కావాలి. అందుకే లైటింగ్ వైర్లను 21 వాట్ల బల్బు పెట్టి చూడాలి. ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) వైర్లకి మాత్రం ఆ బల్బు తగిలించొద్దు.

అపోహ: ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే పెద్దది వేసేయాలి.

ఇది వింటే నాకు నిజంగా భయం వేస్తుంది. ఫ్యూజు కాపాడేది వైరును. 10 ఆంపియర్ల చోట 30 వేస్తే ఫ్యూజు నిలుస్తుంది, వైరు కాలుతుంది. ఆ క్యాబిన్లోనే రాత్రి మనిషి పడుకుంటాడు! వైరింగ్ ఛాసిస్‌కి ఎక్కడ రాసుకుంటోందో వెతకండి, ముందు ఫిఫ్త్ వీల్ (ట్రైలర్‌ను బండికి తగిలించే చోటు) చుట్టుపక్కల.

అపోహ: ఎల్ఈడీ పెట్టాక ఇండికేటర్ గబగబా కొట్టుకుంటే వైరింగ్ లోపం.

ఎల్ఈడీ తక్కువ కరెంటు లాగడంతో లోడు తగ్గింది, అంతే. ఎల్ఈడీకి సరిపోయే ఫ్లాషర్ (ఇండికేటర్‌ను వెలిగించి ఆర్పే రిలే) వేయండి.

అపోహ: పాటల సెట్టుకి ఒక బ్యాటరీ నుంచి 12 వోల్టులు లాగితే ఏం కాదు.

ఛార్జింగ్ చేసే ఆల్టర్నేటర్, వరసగా కలిపిన రెండు 12 వోల్టుల బ్యాటరీలకు కలిపి సుమారు 28 వోల్టులు ఇస్తుంది. లాగిన బ్యాటరీ ఎప్పుడూ సగం ఆకలితో ఉంటుంది, రెండోదాంట్లో నీళ్లు ఇగిరిపోతుంటాయి. 24 నుంచి 12కి తగ్గించే కన్వర్టర్ పెట్టించండి. ఇప్పటికే ఒకటి చచ్చిపోతే జతగా రెండూ మార్చాల్సిందే.