నరం దొరకలేదు

కిందటి మే నెలలో అమ్మని రక్తపరీక్షకి గుంటూరు కొత్తపేటకి తీసుకెళ్లాను. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. లోపల సూది చూడగానే అమ్మ చేతులు కుండలో నీళ్లలా చల్లబడిపోయాయి. రబ్బరు పట్టీ బిగించి, మోచేతి మడతలో వేలితో తట్టి తట్టి చూసిన నర్సు, "నరం దొరకట్లేదు, కంగారు పడకండమ్మా" అంది.

మన వాడుకలో రక్తనాళమూ నరమే, మెదడు కబురు మోసేదీ నరమే. ఆ రోజు అమ్మ చేతిలో జరిగింది ఒక నరం ఇంకో నరాన్ని బిగించడం. అదెలాగో తేలడానికి దాదాపు వందేళ్లు పట్టింది.

1851లో పారిస్‌లో క్లాడ్ బెర్నార్డ్ అనే శాస్త్రవేత్త ఒక కుందేలు మెడలో సింపథెటిక్ నరాన్ని, అంటే కంగారు వేళ ఒంటిని అప్రమత్తం చేసే నరాన్ని, కోశాడు. ఆ వైపు చెవి చల్లబడుతుందనుకుంటే ఎర్రగా కంది వెచ్చబడింది. మరుసటి ఏడాది బ్రౌన్-సెకార్ అనే ఇంకో శాస్త్రవేత్త తెగిన కొసకి కరెంటు తగిలించాడు. చెవి పాలిపోయి చల్లబడింది. అంటే మనం ఊరికే కూర్చున్నా ఆ నరం నాళాల్ని ఎంతో కొంత బిగించి పట్టుకునే ఉంటుందన్నమాట.

మరి దేనితో బిగిస్తోంది? మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథి సారం ఎక్కిస్తే నాళాలు కుంచించుకుపోయి బీపీ ఎగబాకుతుందని 1890లలో ఆలివర్, షేఫర్ అనే ఇద్దరు పరిశోధకులు చూపించారు. 1901లో తకమినే అనే రసాయన శాస్త్రవేత్త అందులోంచి అడ్రినలిన్‌ని స్ఫటికాలుగా తీశాడు. 1904లో కేంబ్రిడ్జిలో థామస్ ఎలియట్ అనే కుర్రవాడు, కబురు చివరికి చేరిన ప్రతిసారీ నరమే అడ్రినలిన్‌ని వదులుతుందేమో అన్నాడు. ఆ మాటని ఎవరూ గట్టిగా పట్టించుకోలేదు, ఆయనా దాన్ని వదిలేశాడు. ఈ కథంతటిలో నా మనసుకి పట్టేది ఆ కుర్రవాడి ఊహే. 1921లో ఆటో లోవీ ఒక కప్ప గుండెకి వెళ్లే నరానికి కరెంటు తగిలించి, గుండె నెమ్మదించాక ఆ గుండెని తడిపిన ద్రవాన్ని ఇంకో గుండె మీద పోశాడు. రెండోదీ నెమ్మదించింది. అది సింపథెటిక్ నరం కాదు, గుండెని నెమ్మదింపజేసే వేగస్ అనే నరం. అయినా నరాలు రసాయనాలతో మాట్లాడతాయని దాంతో రుజువైంది. నాళాల్ని బిగించేది అడ్రినలిన్ కాదు, దాని తోబుట్టువు నారడ్రినలిన్ అని 1946లో స్వీడన్‌లో ఉల్ఫ్ వాన్ ఆయిలర్ తేల్చాడు.

రక్తనాళం చుట్టూ ఈ నరం పూసల దండలా అల్లుకుని ఉంటుంది. ఒక్కో పూసలో నారడ్రినలిన్ నిండిన బుల్లి బుల్లి సంచులు. కబురు రాగానే పూసలోకి కాల్షియం చొరబడుతుంది, సంచులు తెరుచుకుంటాయి. బయటపడ్డ రసాయనం నాళం గోడలోని కండరం మీద ఆ కబురు అందుకునే ఆల్ఫా గ్రాహకాలకి అంటుకుంటుంది, కండరం ముడుచుకుంటుంది. సన్నటి ధమని వ్యాసార్థం సగానికి తగ్గితే అందులో పారే రక్తం దాదాపు పదహారో వంతుకి పడిపోతుంది. చేతులు చల్లబడక ఏమవుతాయి? పని కాగానే మిగిలినదాన్ని చాలావరకు నరమే వెనక్కి పీల్చుకుంటుంది.

ఈ సంచుల గుట్టు తెలియకముందే మన దేశంలో సర్పగంధ వేరు వాడేవారు. అది బీపీ తగ్గిస్తుందని బొంబాయి డాక్టరు రుస్తుం జల్ వకీల్ 1949లో ప్రచురించారు. అందులోని రిసెర్పిన్ అనే పదార్థం ఈ సంచుల్నే ఖాళీ చేస్తుందని తర్వాత తెలిసింది.

నారడ్రినలిన్ ఒంటరిది కాదు. దాంతోపాటు అవే నరాల నుంచి ఏటీపీ కూడా వస్తుందని, అదీ నాళాన్ని బిగిస్తుందని జెఫ్రీ బర్న్‌స్టాక్ అనే శాస్త్రవేత్త 1970లలో వాదించాడు. కండరానికి శక్తినిచ్చే పదార్థం కబుర్లు మోయడమేమిటని చాలామంది నమ్మలేదు. చివరికి ఆయన మాటే నిలిచింది. మొదటి కుదుపు ఏటీపీది, ఆ తర్వాత నిలకడగా పట్టి ఉంచేది నారడ్రినలిన్, నరం మరీ జోరుగా పనిచేస్తే న్యూరోపెప్టైడ్ వై అనే మూడో రసాయనమూ తోడవుతుంది. ఆ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి కండరంలోంచి వేరుచేసి చూపించినవాడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడాది జర్మనీలో లోమన్ అనే శాస్త్రవేత్త కూడా దాన్ని కనిపెట్టాడు. సుబ్బారావు 1948లోనే పోయారు, ఏటీపీ ఇలా నరాల నోట మాటవుతుందని ఆయనకి తెలియనే లేదు.

నర్సు వేడినీళ్లలో తువ్వాలు ముంచి, పిండి, అమ్మ చేతికి చుట్టింది. ఏ ఊరు, పిల్లలెంతమంది అని మాటల్లో పెట్టింది. పది నిమిషాలకి తువ్వాలు తీస్తే మోచేతి మడతలో నరం నీలంగా తేలి కనిపించింది.