తాడు మీద రాళ్లు

నేల మీద ఒక తాడు పరుస్తారు. ఒక కొస పుట్టిన రోజు. రెండో కొసను పూర్తిగా చాపకుండా చుట్టగా వదిలేస్తారు, అది ఇంకా రావలసిన జీవితం. ఎదుట కూర్చున్న మనిషిని ఆ తాడు పొడవునా పూలూ రాళ్లూ పేర్చమంటారు. మంచి జరిగిన చోట పువ్వు, భయంతో బిగుసుకుపోయిన చోట రాయి. తర్వాతి రోజుల్లో పుట్టినప్పటి నుంచి వరుసగా కథ చెప్పిస్తూ ఒక్కో రాయి దగ్గర ఆగుతారు. ఆ రోజు ఏ వాసన వచ్చింది, పక్కన ఎవరున్నారు, చేతులు వణికాయా, అన్నీ నిదానంగా అడుగుతారు.

జర్మనీలోని కాన్‌స్టాన్స్ విశ్వవిద్యాలయ మనస్తత్వ శాస్త్రవేత్తలు యుద్ధ బాధితుల కోసం, శరణార్థుల కోసం రూపొందించిన చికిత్స ఇది. ఆ బాధితులకు కట్లు కట్టిన నర్సుల దగ్గరా, శవాలను మోసిన అంబులెన్సు డ్రైవర్ల దగ్గరా ఇలాంటి రాళ్లే పోగుపడతాయన్న సంగతి మాత్రం చాలామందికి తట్టదు.

మామూలు జ్ఞాపకానికి మెదడు తేదీ, చోటు జతచేసి దాచుకుంటుంది. అందులో హిప్పోక్యాంపస్ అనే భాగానిది ముఖ్యపాత్ర. ప్రాణభయం ముంచెత్తినప్పుడు మెదడులో ప్రమాదాన్ని పసిగట్టే అమిగ్డలా విజృంభించి ఈ పని చెడుతుందని ఈ చికిత్సకులు వివరిస్తారు. ఆ జ్ఞాపకం తపాలా ముద్ర పడని ఉత్తరంలా మిగిలిపోతుంది. ఇంటికొచ్చాక ఎవరో తలుపు దబాలున వేస్తే చాలు, పాత సంఘటన మళ్లీ ఇప్పుడే జరుగుతున్నట్టు ఒళ్లంతా చెమట పడుతుంది. వరుసగా కథ చెప్పించడమంటే ఆ ఉత్తరం మీద ముద్ర వేయడమే.

అలాగైతే సహాయానికి వెళ్లినవారిని తిరిగొచ్చిన రోజే కూర్చోబెట్టి అంతా కక్కించేస్తే సరిపోదా? అలాగే అనుకున్నారు. 1983లో అమెరికాకు చెందిన జెఫ్రీ మిచెల్ అత్యవసర సేవల సిబ్బంది కోసం డీబ్రీఫింగ్ పద్ధతి ప్రతిపాదించారు. దుర్ఘటన జరిగిన రెండు మూడు రోజుల్లోనే అందరినీ కూర్చోబెట్టి మాట్లాడించాలి. చెప్పుకుంటే గుండె బరువు దిగుతుందని మనమూ అంటాం కదా, అందుకే ఇది ఎవరికైనా ఇట్టే నచ్చుతుంది. 1997లో బ్రిటన్‌లో కాలిన గాయాల రోగులపై చేసిన పరిశోధన ఆ నమ్మకాన్ని కదిపింది. ఒక్కొక్కరినీ విడిగానో జంటగానో ఇలా మాట్లాడించిన బృందంలో 13 నెలల తర్వాత 26 శాతం మందికి పీటీఎస్‌డీ, అంటే ఘోర సంఘటన తర్వాత వదలకుండా వేధించే మానసిక రుగ్మత, ఉంది, మాట్లాడించనివారిలో 9 శాతానికే. మొదటి బృందం గాయాలు కొంత తీవ్రమైనవన్న మాట నిజమే. అయినా తర్వాత ఇలాంటి పరిశోధనలన్నిటినీ కలిపి చూసిన కాక్రేన్ అనే వైద్య పరిశోధనల సంస్థ సమీక్షకూ ఒక్క విడత డీబ్రీఫింగ్‌తో మేలు కనిపించలేదు. పక్కు కట్టని పుండును కెలికినట్టే అయింది.

ఇప్పుడు మొదట చేసేది చాలా చిన్న పని. ప్రపంచ ఆరోగ్య సంస్థ మరికొన్ని సంస్థలతో కలిసి 2011లో తెచ్చిన మార్గదర్శిని దాన్ని మూడు మాటల్లో చెప్పింది: చూడండి, వినండి, కలపండి. మంచినీళ్లు, దుప్పటి, ఇంటికి ఒక ఫోను. చెబితే వినాలి, చెప్పమని గుచ్చకూడదు. చాలామంది తమంతట తామే కోలుకుంటారు. నెల దాటినా నిద్రలేమి, పీడకలలు వదలనివారికే తాడూ రాళ్లలాంటి చికిత్సలు.

బాంబులొక్కటే మనుషులను కుంగదీయవు. విదేశాలకు వెళ్లిన 212 మంది సహాయ కార్యకర్తలను పరిశీలించి 2012లో ప్రచురించిన అధ్యయనంలో కుంగుబాటు లక్షణాలున్నవారు వెళ్లేముందు 10.4 శాతం, తిరిగొచ్చాక 19.5 శాతం. మూడు నుంచి ఆరు నెలలు గడిచినా ఆ అంకె తగ్గలేదు. రోజువారీ ఒత్తిడి ఎక్కువైనవారిలో కుంగుబాటూ ఎక్కువ. తోడుగా మనుషులున్నవారిలో తక్కువ. నన్నడిగితే, సంస్థలకు కౌన్సెలర్‌ను పెట్టడం తేలిక, సెలవు ఇవ్వడమే కష్టం. పైగా చెబితే మానం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుందన్న సామెత వీళ్లకు సరిగ్గా అతుకుతుంది: 'నాకు నిద్ర పట్టడం లేదు' అన్నవాడిని మళ్లీ పంపుతారో లేదో.

ఇదంతా ఇల్లంటూ ఒకటి ఉండి తిరిగొచ్చేవారి సంగతి. 2024లో ప్రపంచవ్యాప్తంగా 380 మందికి పైగా సహాయ కార్యకర్తలు చనిపోయారు, అత్యధికులు స్థానికులే. గాజాలో పగలంతా గాయాలు కడిగిన నర్సు రాత్రికి చేరేది తన గుడారానికే. అక్కడ పిల్లలు ఎదురుచూస్తుంటారు, పైన డ్రోన్ల రొద. 'అది అప్పుడు, ఇది ఇప్పుడు' అని ఆమెకు ఎలా చెబుతాం? ఈ పూటకు చేయగలిగింది ఆమె డ్యూటీని ఒక స్నేహితురాలితో కలిపి వేయడం, జీతం ఆలస్యం కాకుండా చూడడం, ఒక రాత్రయినా ఆమె నిద్రపోయేలా ఇంకొకరిని నిలబెట్టడం.