లేని పత్రికకు తారీఖుల పట్టింపు

మేం కొందరం కలిసి రాసుకుంటున్న హైదరాబాద్ కథల్లో ఒక సంగీత పత్రిక ఉంది. చిక్కడపల్లిలో, త్యాగరాయ గానసభ దగ్గర్లో, మేడమీద ఒంటిగది ఆఫీసు. పత్రికా కల్పితమే, ఎడిటరూ కల్పితమే. అయినా ఈమధ్య దాని మీద పెద్ద వాదనే జరిగింది. కొత్తగా చేరిన ఒకాయన కథలో పత్రిక విలేకరి 1968 దసరాకి బషీర్‌బాగ్ ప్యాలెస్‌కి వెళ్లి హిందుస్తానీ గాయకుడు ఉస్తాద్ బడే గులాం అలీ ఖాన్‌ని ఇంటర్వ్యూ చేస్తాడు. ఉస్తాద్ ఆ ఏడాది ఏప్రిల్‌లోనే అక్కడ కన్నుమూశారు. "లేని పత్రికే కదా, ఆర్నెల్లు అటూఇటూ అయితే ఏమైంది?" అన్నాడాయన.

ఏమైందో చెప్పాలంటే ఈ పత్రిక ఎలా పుట్టిందో చెప్పాలి.

ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత సినిమా పాటల పుస్తకం దొరికింది. అరచేతిలో పట్టేంత. పిన్నులు తుప్పుపట్టి, మధ్య పేజీల్లోకి ఎర్రటి మరక దిగింది. కథ సగంలో ఆపి, మిగతాది వెండితెర మీద చూడమన్నారు. రాసినవారు, బాణీ కట్టినవారు, పాడినవారు అందరూ ఉన్నారు. వయొలిన్ ఎవరిదో, వీణ ఎవరిదో లేదు. చాలా పాటల పుస్తకాలు అంతే. మాలో ఒకరి తాతగారు సినిమాలకు వయొలిన్ వాయించారు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. ఏ పాటకో చూపించడానికి మాత్రం ఒక్క కాగితం లేదు. ఆ బాధలోంచే పత్రిక పుట్టింది. ప్రతి సంచికలో పక్కవాద్యాల వాళ్లకు ఒక పేజీ ఉండాలన్నది మొదటి రోజే అనుకున్న మాట.

నలుగురూ ఒకే కథాలోకంలో రాయడం తెలుగులో కొత్తేం కాదు. చందమామలో పాత బేతాళ కథలు అయిపోయాక, అదే చెట్టు, అదే శవం, అదే విక్రమార్కుడితో ఎందరో కొత్త కథలు రాశారు. అక్కడ రాజ్యమేదైనా ఫర్వాలేదు. మా కథలు మాత్రం ఈ ఊళ్లో, ఈ ఊరి సంవత్సరాల్లో నడుస్తాయి. 1935లో నిజాం ప్రభుత్వం చేతికొచ్చిన దక్కన్ రేడియో 1950లో ఆలిండియా రేడియోలో కలిసింది. రవీంద్రభారతి 1961లో మొదలైంది. నేనే ఒకసారి నా కథలో 1958లో అక్కడ కచేరీ పెట్టించి, తర్వాత దాన్ని ఒక స్కూలు ఆవరణలోకి మార్చాను. పేర్లు పోయాయని బాధపడి మొదలుపెట్టిన పత్రికలో మేమే తప్పుడు తారీఖు అచ్చేస్తే ఆ తాతగారికి మేం చేసిందేముంది? పైగా నిజంగా బతికిన మనిషి నోట మేం మాటలు పెట్టడం నాకు అసలే ఇష్టం లేదు.

ఆ కొత్తాయన రెండు రోజులు ఆలోచించి కథ తిరగరాశాడు. దసరాకి విలేకరి ప్యాలెస్ గేటుదాకా వెళ్లి వెనక్కి వస్తాడు. సంచికలో అతను రాసుకున్న పదకొండు ప్రశ్నలు మాత్రం అచ్చవుతాయి. జవాబుల చోట ఉత్త గీతలు.